అమలాపురం కుర్రవాడు ఎవరివాడు?

గోదావరి జిల్లాలలో "మనవాడు" అన్న మాట చాలా పనులు చేస్తుంది. ఆ మాట పడితే కచేరీలో కాగితం కదులుతుంది, నిండిన బస్సులో జాగా పుడుతుంది, కుదరని సంబంధం కుదురుతుంది. ఆ మాట పడకపోతే ఎంతటి యోగ్యుడైనా రేవులోనే నిలబడిపోతాడు. ఇంత బలమున్న మాటను మనం కవిత్వంలో వాడుకొన్నాం, ఎన్నికలలో వాడుకొన్నాం. విమర్శకు మాత్రం ఎన్నడూ పెట్టలేదు. ఈ వ్యాసంలో ఆ మాటను ఒక ఆటగాడి విషయంలో పరీక్షించాలని నా ప్రయత్నం. ఒక యువ క్రీడాకారుడు ఒక వూరికి అభిమానపాత్రుడు కాగలడా? అయితే ఏ కారణాలవల్ల అవుతాడు? ఆ అభిమానం వూరిచేత ఏం చేయిస్తుంది? ఇవీ నా ప్రశ్నలు.

ఆటల మీద మన పత్రికలో వ్యాసమా అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. భూమి, కూలి, చదువు, ఉద్యోగం ఇన్ని సమస్యలుండగా బంతినీ బ్యాటునూ పట్టుకొని కూర్చోవడం కాలక్షేపమే కదా అని నాతో పనిచేసే అధ్యాపకుడొకాయన అననే అన్నాడు. ఆయన మాట తోసివేయదగ్గది కాదు. జనం దృష్టిని మళ్ళించడానికి పాలకవర్గాలు ఆటలను వాడుకోవడం చరిత్రలో వున్నదే. కాని జనం దేన్ని చూచి చప్పట్లు కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో తెలుసుకోకుండా జనసంస్కృతిని గురించి మాట్లాడలేము. నాటకాన్ని, సినిమాను, బుర్రకథను విమర్శకు పెట్టిన మనం ఆటస్థలాన్ని మాత్రం దినపత్రికల చివరి పుటకు వదలివేశాం.

నేను ఎన్నుకొన్న ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి. వూరు అమలాపురం. నేనుండేది కొవ్వూరు. అతడు పుట్టిన 2000 ఆగస్టు నాటికి మా కొవ్వూరు పశ్చిమ గోదావరిలో, అమలాపురం తూర్పు గోదావరిలో వున్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను తిరిగి విభజించినప్పుడు మా కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వచ్చింది. అదే రోజున అమలాపురం అందులోంచి వెళ్ళిపోయి కొత్త కోనసీమ జిల్లాకు ముఖ్యపట్టణమైంది. అంచేత ఆ కుర్రవాడు ఏ ఒక్కరోజూ "మా జిల్లావాడు" కాలేదు. అయినా అతడు గెలిచినప్పుడల్లా మా గోష్పాదం రేవులోనూ, వంతెన దాటితే రాజమహేంద్రవరం టీ దుకాణాలలోనూ "మనవాడే" అన్న మాట వినిపిస్తుంది. గీత ఎక్కడ గీసినా ఈ మాట గీతను దాటి వస్తున్నదంటే దానికి వేరే ఆధారమేదో వుండాలి.

ముందు విషయం చెప్పుకొందాం. సాత్విక్ తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, రాష్ట్రస్థాయిలో బాడ్మింటన్ ఆడినవాడు. కుర్రవాడు 2014లో హైదరాబాదు వెళ్ళి పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అక్కడ మలేషియా శిక్షకుడు టాన్ కిమ్ హర్ అతన్ని ముంబయి కుర్రవాడు చిరాగ్ శెట్టితో జతచేశాడు. 2018 కామన్వెల్తు క్రీడలలో వారికి రజతం, 2019లో థాయిలాండ్ ఓపెన్ విజయం వచ్చాయి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో, తర్వాత స్వర్ణం గెలిచిన తైవాను జంటను ఓడించి కూడా, గెలిచిన ఆటల లెక్కలో వెనకబడి గ్రూపు దశలోనే వెనుదిరిగారు. 2022 మే 15న బాంగ్‌కాక్‌లో భారత జట్టు ఇండొనీషియాను 3-0తో ఓడించి మొదటిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు రెండో ఆట వారిదే. మొదటి గేము పోగొట్టుకొని, రెండో గేములో ఓటమి అంచుకు వెళ్ళి, 18-21, 23-21, 21-19తో నెగ్గారు. 2023లో ఆసియా చాంపియన్‌షిప్పు గెలిచారు. 1965లో దినేశ్ ఖన్నా తర్వాత ఆ పోటీలో భారతదేశానికి స్వర్ణం అదే. ఆ ఏడే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచారు. బాడ్మింటన్‌లో మనకది మొట్టమొదటి ఆసియా క్రీడల స్వర్ణం. వెంటనే ప్రపంచంలో మొదటి స్థానం, ఖేల్‌రత్న పురస్కారం వచ్చాయి. 2024 పారిస్ ఒలింపిక్సులో క్వార్టర్ ఫైనల్లో మలేషియా జంట చేతిలో ఓడారు.

ఇంకొకటి వుంది. 2023 ఏప్రిల్ 14న జపానులో సాత్విక్ కొట్టిన ఒక స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో వెళ్ళినట్లు కొలిచి గిన్నెస్ పుస్తకంలో రాసుకొన్నారు. అంతకు ముందున్న రికార్డు 493. షటిల్ అంటే పదహారు ఈకలు గుచ్చిన బెండు, బరువు అయిదు గ్రాములు. గాలి తగిలితే దారి తప్పే ఆ ఈకల కట్టను అంత వేగంతో పంపడానికి ఎంత భుజబలం, ఎంత అభ్యాసం, ఎన్ని వేల వుదయాలు కావాలో ఆడి చూచినవారికి తెలుస్తుంది. సాయంత్రాలు నలుగురితో కలిసి ఆడే నావంటివాడికి తెలిసేది అందులో కొసరు మాత్రమే.

ఇంత సాధించినవాడు సొంత వూరికి అభిమానపాత్రుడు కాక ఏమవుతాడు, ఇందులో ప్రశ్న ఏమున్నది అనవచ్చు. వున్నది. ఈ విజయాలలో ఒక్కదాన్నయినా అమలాపురం తన కళ్ళతో చూడలేదు. బాంగ్‌కాక్, దుబాయి, హాంగ్‌ఝౌ, పారిస్ – ఇవీ అతని ఆటస్థలాలు. అతని వూరికి ఇంకా రైలే రాలేదు. కోటిపల్లి–నరసాపురం మార్గం పూర్తయ్యేదాకా రాదు కూడా. వూరివారు అతన్ని చూచేది అరచేతిలోని తెరమీద. వూరి పేరున ఆడే జట్టు లేదు, వూరి గోడ వెనక నుంచి వినిపించే కేక లేదు, ఓడిన సాయంత్రం అతనితోపాటు తలవంచుకొని ఇంటికి నడిచే జనం లేదు. పదమూడు, పద్నాలుగేళ్ళకే వూరు వదలినవాణ్ణి వూరు ఏ హక్కుతో తనవాడనుకొంటుంది?

నగరం, ఆటగాడు కలిసి బతకడం ఎలా వుంటుందో తెలియాలంటే అమెరికా బేస్‌బాల్ చరిత్రలో ఒక ఘట్టం చూడాలి. బేస్‌బాల్ క్రికెట్టుకు దాయాది వంటి ఆట. అక్కడ జట్లన్నీ నగరాలవి. న్యూయార్కులోని బ్రూక్లిన్ పేటలో కార్మికులు, వలస వచ్చినవారు ఎక్కువ. వారి జట్టు పేరు డాడ్జర్స్. వీధులలో ట్రాము బళ్ళను తప్పించుకొని తిరిగే జనం అన్న ఎగతాళి నుంచి ఆ పేరు పుట్టింది. ఆటగాళ్ళు ఆ పేటలోనే కాపురముండేవారు. కూరల కొట్టు దగ్గర కనబడేవారు. ఆ జట్టులోకి 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అడుగుపెట్టాడు. అరవై ఏళ్ళుగా నల్లవారిని రానివ్వని పెద్ద లీగులో అతడే మొదటి నల్లజాతి ఆటగాడు. ప్రత్యర్థులు బూతులు తిట్టారు, బెదిరింపు వుత్తరాలు వచ్చాయి. అయినా బ్రూక్లిన్ అతన్ని గుండెకు హత్తుకొంది.

ఇది ఒక మంచి యజమాని దయవల్ల జరిగిందని కథ చెబుతారు. ఆ కథలో ఒక పుట తరచు జారిపోతుంది. డెయిలీ వర్కర్ అనే కమ్యూనిస్టు దినపత్రికలో లెస్టర్ రాడ్నీ అనే క్రీడావిలేఖరి 1936 నుంచి పదేళ్ళకు పైగా, నల్లవారిని ఆడనివ్వాలని రాస్తూనే వున్నాడు. నల్లవారి పత్రికలు అదే రాశాయి. సంతకాలు సేకరించారు, ఆటస్థలాల ముందు నిలబడి కరపత్రాలు పంచారు. అభిమానం దానంతటది పుట్టలేదు. దానికి దారి చేసినవారు, ఆ దారిన పడి తిట్లు తిన్నవారు వున్నారు. అభిమానానికి అంతం కూడా దానంతటది రాలేదు. కొత్త ఆటస్థలం దగ్గర, నేల ధర దగ్గర బేరం కుదరక 1957 చివర యజమాని జట్టును లాస్ ఏంజెలిస్‌కు తీసుకుపోయాడు. 1960లో పాత ఆటస్థలాన్ని పడగొట్టారు. అభిమానం బ్రూక్లిన్ ప్రజలది, జట్టు యజమానిది. ఆ రెండూ ఒకటి కావని వారికి అప్పుడు తెలిసింది.

మన డెల్టాకు అటువంటి జట్టు లేదు. అయితే అభిమానానికి మాత్రం కరువు లేదు. ఇక్కడి అభిమానం ఎటు ప్రవహించిందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహాలు పరాయి పాలన పోయిన తర్వాత కూడా వూరూరా వెలిశాయి. ఆయన తెల్లవాడని, కుంపిణీ నౌకరని రైతుకు తెలుసు. 1852 తర్వాత కాలువలో నీరు పారిందన్నది కూడా తెలుసు. లంకల గన్నవరంలో అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు ఆమె పోయి నూరేళ్ళు దాటినా జనం నోట వుంది. ఇచ్చినవారిని డెల్టా మరవదు. ఇది ఒక పాయ.

రెండో పాయ వేరు. సంక్రాంతి మూడు రోజులూ మా పల్లెలలో బరి గీస్తారు. కాకి, డేగ, నెమలి అని కోడికి రంగునుబట్టి పేరు, పేరునుబట్టి పందెం. న్యాయస్థానాలు వద్దన్నా పెద్ద దీపాలు వెలుగుతాయి, డబ్బు చేతులు మారుతుంది. ఆ మూడు రోజులూ ఆ పుంజుకు దక్కే జయజయధ్వానం ఏ ఆటగాడికీ దక్కదు. కనుమనాటికి అది కూరలో వుంటుంది. సినిమా కథానాయకుల అభిమానసంఘాలలోనూ ఈ పందెపు లక్షణం కొంత లేకపోలేదు. నా పుంజు, నీ పుంజు. నా హీరో, నీ హీరో. అక్కడ ప్రేమ కంటె ఎదుటివాడి ఓటమి మీద ఆశ ఎక్కువ.

సాత్విక్ మీద మన అభిమానం ఈ రెండు పాయలలో దేనిలో కలుస్తుంది? వూరికి అతడు ఇచ్చినదాన్ని బట్టి వచ్చిన అభిమానమా, లేక మన బరిలో గెలిచిన పుంజు మీది మోజా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, తరగతి గదిలోంచి వచ్చింది.

"మా వూరి అభిమాన క్రీడాకారుడు" అని ఒకసారి డిగ్రీ రెండో ఏటి విద్యార్థులకు వ్యాసం ఇచ్చాను. ఎక్కువమంది క్రికెట్టు వీరులను గురించి రాశారు. రాంచీ, ఢిల్లీ కుర్రాళ్ళు కొవ్వూరు మండలపు పల్లెలకు "మా వూరి" వారైపోయారు. నేను సాత్విక్ కథ చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. కథ అయ్యాక వెనకబల్ల నుంచి ఒక కుర్రవాడు లేచి, "వాళ్ళేమిట్లు సార్?" అని అడిగాడు. కులం పేరెత్తకుండా కులం అడగడానికి మన వైపు వున్న పద్ధతి అది. అతడు చెడ్డవాడు కాదు. చదువుతాడు, పెద్దలంటే గౌరవముంది. అతని గొంతులో ద్వేషం లేదు, అసలు సంకోచమే లేదు. వూరు తెలిసింది, పేరు తెలిసింది, ఇక తెలియవలసింది అదొక్కటే అన్నట్టు అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. "అతని జత ఎవరో అడుగు, చెబుతాను" అన్నాను. తరగతి నవ్వింది. ప్రశ్న మాత్రం నవ్వుతో పోలేదు.

ఆ కుర్రవాడిది ఒక్కడిదే కాదు ఆ ప్రశ్న. 2016 ఆగస్టులో పి.వి.సింధు రియో ఒలింపిక్సులో రజతం గెలిచిన రోజులలో అంతర్జాలంలో ఆమె కులాన్ని వెతికినవారి సంఖ్య హఠాత్తుగా పెరిగిందని, అందులో రెండు తెలుగు రాష్ట్రాలు ముందున్నాయని పత్రికలన్నీ రాశాయి. ఆమె ఆట చూచి చప్పట్లు కొట్టిన చేతులే మరుక్షణంలో ఆ వెతుకులాటకు దిగాయి. ఆమెను పొగడడానికే వెతికారు. "మనవాడు", "మనమ్మాయి" అన్న మాటలలో "మన" అంటే ఎవరో అక్కడ తేటపడింది.

అమలాపురంలోనే ఇంతకంటె తీవ్రమైన ఘటన జరిగింది. 2022 మే 15న బాంగ్‌కాక్‌లో థామస్ కప్పు గెలిచారు. అమలాపురం పేరు దేశమంతటా వినిపించింది. మూడు రోజుల తర్వాత, మే 18న, కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలని ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. మే 24న అమలాపురంలో, ఆ పేరు వద్దన్న గుంపులు మంత్రి ఇంటినీ, శాసనసభ్యుని ఇంటినీ తగలబెట్టాయి. బస్సులు కాలాయి, పోలీసులు గాయపడ్డారు. తొమ్మిది రోజులలో వూరి పేరు రెండుసార్లు దేశమంతా మారుమోగింది. ఒకసారి వూరి బిడ్డ పేరున, రెండోసారి ఒక మహనీయుని పేరు తమ జిల్లాకు వద్దన్నందుకు. తర్వాత ఆ పేరే ఖాయమైంది. ఆ ఘటన వెనక ఎవరెవరున్నారన్నది వేరే వ్యాసానికి విషయం. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే. "మన" అన్న మాట ఒక పేరుకు తలుపు తీసింది, మరొక పేరుకు మూసింది. తలుపు తీసినందుకు సంతోషిస్తూ, మూసిన సంగతి చూడకుండా పోవడం విమర్శ కాదు.

అంబేద్కర్ జీవితంలోనే దీనికి సంబంధించిన సంగతి ఒకటి వుంది. పల్వంకర్ బాలూ అనే చర్మకార కుటుంబపు యువకుడు పూనాలో తెల్లవారి క్రికెట్టు మైదానాన్ని చదును చేస్తూ, వారికి బంతులు విసురుతూ గొప్ప బౌలరయ్యాడు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్ళి 114 వికెట్లు తీశాడు. పూనాలో హిందువుల జట్టుకు గెలుపులు తెచ్చిపెట్టిన అతనికి టీ మాత్రం బయట, మట్టి ముంతలో ఇచ్చేవారు. కెప్టెను పదవి అతనికి దక్కనేలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఆ బాలూను యువ అంబేద్కర్ ఎంతగానో అభిమానించాడు. 1937 ఎన్నికలలో అదే బాలూ కాంగ్రెసు పక్షాన అంబేద్కర్ మీద పోటీ చేసి ఓడిపోయాడన్నది చరిత్ర చేసిన చిత్రం. బాలూ బంతి కావాలి, బాలూ పక్కన కూర్చోవడం వద్దు. గెలిచినంతసేపు "మనవాడు", టీ వేళకు పరాయివాడు. పుంజు మీది మోజు అని నేనన్నది దీన్నే.

సాత్విక్ స్మాష్ రికార్డు పడిన ఏప్రిల్ 14 అంబేద్కర్ పుట్టినరోజు కూడా. తారీఖుల కలయికకు అర్థం వుండదు. కాని కోనసీమ కుర్రాళ్ళు ఆ రెండు సంగతులనూ ఒకే రోజున, ఒకే మైదానంలో తలచుకొనగలిగితే ఆ వూరి "మన" కొంచెం వెడల్పయినట్టే.

నేను ఆ విద్యార్థితో "అతని జత ఎవరో అడుగు" అన్నది మాట తప్పించడానికి కాదు. ఈ ఆటగాడి విషయంలో అసలైన సంగతి అక్కడే వున్నది. సాత్విక్ ఒంటరిగా ఆడడు. జంటల ఆట అతనిది. గోదావరి పాయల మధ్య తెలుగులో పెరిగిన ఒకడు, ముంబయి మహానగరంలో పెరిగిన మరొకడు. ఇద్దరినీ కలిపినవాడు మలేషియావాడు. కొన్నేళ్ళు వారికి పాఠం చెప్పిన మథియాస్ బో డెన్మార్కు దేశస్థుడు. జంటల ఆటలో దాడి చేసేటప్పుడు ఒకడు వెనక నిలబడి కొడతాడు, రెండోవాడు వల దగ్గర కాపు కాస్తాడు. కాచుకొనేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన నిలుస్తారు. సాత్విక్ కొట్టే దెబ్బ మనకందరికీ కనబడుతుంది. ఆ దెబ్బకు అనువుగా షటిల్ పైకి లేచేటట్టు ముందు వలదగ్గర చేసిన పని చాలామందికి కనబడదు. పొలంలో పంట కనబడి, నారుమడి కనబడకపోవడం వంటిదే ఇది. సాత్విక్ ఒక్కణ్ణే మనవాణ్ణి చేసుకొందామంటే కుదరదు. చిరాగ్ కూడా మనవాడైతేనే సాత్విక్ మనవాడవుతాడు. "వాళ్ళేమిట్లు" అన్న ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు నాకు తోచలేదు.

చిరాగ్ వైపున చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. 2024 జూలైలో, ఇరవై ఓవర్ల ప్రపంచ కప్పు గెలిచిన క్రికెట్టు ఆటగాళ్ళను మహారాష్ట్ర ప్రభుత్వం శాసనసభా భవనంలో సన్మానించి జట్టుకు 11 కోట్ల రూపాయలు ప్రకటించింది. థామస్ కప్పు గెలిచిన రాష్ట్ర ఆటగాడు తానొక్కడేనని, తనకు ఆ ఆదరణ దక్కలేదని చిరాగ్ పత్రికలవారితో బాధ వెళ్ళబోసుకొన్నాడు. అంత పెద్ద నగరానికే తన బిడ్డ కనబడలేదు. అభిమానం నగరం పరిమాణాన్నిబట్టి పుట్టదని, ఏ ఆటకు పెట్టుబడి తోడున్నదో, ఏ ఆటను తెర రోజూ చూపిస్తున్నదో దాన్నిబట్టి కూడా అది పారుతుందని దీనివల్ల తెలుస్తున్నది. మా విద్యార్థులకు రాంచీ దగ్గరై, అమలాపురం దూరమైంది కూడా ఇందువల్లనే.

మళ్ళీ ఆ వ్యాసాల దగ్గరకు వస్తాను. వాటిలో ఒకటి ఒక అమ్మాయి రాసింది. ఆమె అభిమాన క్రీడాకారిణి ఆమె తల్లి. జిల్లాపరిషత్ హైస్కూల్లో చదివేటప్పుడు ఆ తల్లి బాల్ బాడ్మింటన్ ఆడేదట. షటిల్ కాదు, పసుపుపచ్చని వున్ని బంతితో, ఆరుబయట, జట్టుకు అయిదుగురు చొప్పున ఆడే ఆట. సున్నంతో గీతలు గీసుకొంటే చాలు, కొబ్బరితోట మధ్యనైనా ఆడుకోవచ్చు. పక్క వూళ్ళకు వెళ్ళి గెలిచివచ్చింది. పదో తరగతి అవగానే పెళ్ళి చేశారు. బ్యాటు అటకమీదకు వెళ్ళింది. "మా అమ్మ ఇప్పటికీ అన్నం కలిపేటప్పుడు మణికట్టు విరిచే తీరు చూస్తే ఆమె బాగా ఆడేదని తెలుస్తుంది" అని ఆ పిల్ల రాసింది. ఆ పిల్లకు షటిల్ ఆడాలని కోరిక. ఆమె నడిచివచ్చే దారిలో ఒక క్లబ్బుంది. అందులో చెక్కనేల పరచిన మంచి కోర్టుంది. సభ్యులకు మాత్రమే ప్రవేశం. సభ్యత్వపు రుసుం ఆమె తండ్రి నెల కూలిని మించివుంది. సాయంత్రం కిటికీలోంచి షటిల్ చప్పుడు వింటూ ఆమె ఇంటికి వెళుతుంది.

ఆ వ్యాసం చదివిన తర్వాత నా మొదటి ప్రశ్నకు జవాబు కొంతవరకు కనబడింది. సాత్విక్‌కు దొరికిందేమిటి? వ్యాయామోపాధ్యాయుడైన తండ్రి ఇంట్లో వున్నాడు. బ్యాటు చేతికిచ్చేవాడు, మణికట్టు సరిచేసేవాడు, కొడుకును హైదరాబాదు పంపే ధైర్యం చేసేవాడు వున్నాడు. ప్రతిభ అతనిదే, కష్టం అతనిదే. కాని ప్రతిభ మొలకెత్తడానికి తడి అందించినది ఒక బడిపంతులు వృత్తి. ఆ అమ్మాయికి ఆ తడి లేదు. ఆమె తల్లికి కొంత దొరికి ఎండిపోయింది. ఆటస్థలం లేని పాఠశాలలను, ఆటల పీరియడులో లెక్కలు చెప్పే పాఠశాలలను మీరూ చూస్తున్నారు, నేనూ చూస్తున్నాను. ఈకల షటిల్ ఒక్క గట్టి ఆటకు నలిగిపోతుంది. రోజుకు ఎన్ని నలిగితే ఒక ఆటగాడు తయారవుతాడో లెక్కవేస్తే, ఈ ఆట ఎవరి పిల్లలకు అందుతుందో, ఎవరి పిల్లలకు అందదో ఎవరూ చెప్పనక్కరలేదు.

కాబట్టి నా సహాధ్యాపకునికి నేను ఇచ్చే సమాధానం ఇది. ఆట అన్నానికి పోటీ కాదు. అన్నం ఎవరికి అందుతున్నదో ఆటా వారికే అందుతున్నది. కూలివాడి కూతురికి ఆడుకొనే జాగా కావాలని అడగడం భూమిని అడగడంలో ఒక భాగమే. బ్రూక్లిన్‌లో కరపత్రాలు పంచినవారు దీన్ని గ్రహించారు. ఆట ఎవరిది అన్న ప్రశ్న వేసి, మనుషులందరిదీ అని నిరూపించే పని పెట్టుకొన్నారు. అక్కడ అభిమానం పోరాటం వెనక వచ్చింది.

ఒక యువ ఆటగాడు ఒక వూరికి అభిమానపాత్రుడు కాగలడా? ఫ్లెక్సీ కట్టినంత మాత్రాన, వూరేగించినంత మాత్రాన కాలేడు. అది పుంజుకు దక్కే మర్యాద, మరుసటి కనుమ దాకా కూడా నిలవదు. పారిస్‌లో ఓడిన రాత్రి అతనికి ఎంతమంది అమలాపురంవాళ్ళు తోడున్నారన్నది లెక్క. అతని జతను, అతనికి పాఠం చెప్పినవారిని, తలుపు బయట నిలబడిన పిల్లలను అతనితోపాటు కలుపుకొన్నారా లేదా అన్నది లెక్క. కాటన్ను డెల్టా తలచుకొన్నది తూములలో నీరు పారినందుకు. ఒక ఆటగాడు వూరికి ఇవ్వగలిగింది కాలువ వంటిదే. "మన వూరినుంచి కూడా వెళ్ళవచ్చు" అన్న నమ్మకం అది. ఆ నమ్మకం పారడానికి తూములు కట్టవలసింది అతడు కాదు. అది వూరి పని, పంచాయితీ పని, ప్రభుత్వం పని, వారిచేత చేయించవలసిన మనందరి పని.

ఇందులో ఉపాధ్యాయులుగా మన చేతిలో వున్నవి కొన్ని వున్నాయి. సాయంత్రం అయిదు తర్వాత తాళం పడే కళాశాల మైదానాలు వూరి పిల్లలకు తెరచి వుంచమని అడగవచ్చు. ఖాళీగా వున్న వ్యాయామోపాధ్యాయ పదవులను నింపమని సంఘాల తీర్మానాలలో చేర్చవచ్చు. ఆడపిల్లల ఆటలపోటీకి వూళ్ళో నలుగురిని చేర్చి కూర్చోబెట్టవచ్చు. ఎవరైనా గెలిచి వచ్చినప్పుడు "ఏమిట్లు" అన్న ప్రశ్న లేస్తే, కోప్పడకుండా, తప్పించుకోకుండా, ఆటలో జత అంటే ఏమిటో తరగతిలో వివరించవచ్చు. ఇవి చిన్న పనులే. రాడ్నీ అనే విలేఖరి పదేళ్ళపాటు చేసిందీ ఇటువంటి చిన్న పనే, రోజుకొక పుట.

ఈ ఏడు మా కళాశాల వెనక జాగాలో సున్నంతో గీతలు గీయించాము. వున్ని బంతి కొన్నాము. ఆ అమ్మాయి తన తల్లి బ్యాటు అటకమీద నుంచి దింపి తెచ్చింది. పిడి కొంచెం చెదలు తిన్నది, కట్టు కట్టి ఆడుతున్నది.